రత్నం అక్క చేతిలో గుడ్డి పిడుగు

రైలు సామర్లకోట దాటాక ఎదుటి సీట్లో కూర్చున్న ఇద్దరు కుర్రాళ్లు మధ్యలో పెట్టె పెట్టుకుని కార్డులు కలపడం మొదలుపెట్టారు. పేకముక్కల చప్పుడు కాదది. ప్లాస్టిక్ తొడుగుల్లో పెట్టిన కార్డులు ఒకదాని మీద ఒకటి జారుతుంటే వచ్చే చప్పుడు వేరు. కొత్త పుస్తకానికి అట్ట వేసేటప్పుడు కవరు నలిగినట్టు మెత్తగా ఉంటుంది. ఇన్నేళ్ల తర్వాత ఆ చప్పుడు విని చదువుతున్న పుస్తకం మూసేశాను. వాళ్లలో ఒకడు ఒక కార్డు పైకి తీసి చూసి, "ఇది వేస్ట్ రా. ఎవరికి తగులుతుందో తెలీదు. మన కార్డే పోవచ్చు," అని పక్కన పడేశాడు. "నీ వైపు ఎంతమంది మిగిలారు బాబూ?" అని అడుగుదామని నోటిదాకా వచ్చింది. అడగలేదు. ఆ ప్రశ్న నాది కాదు, నూకరత్నం అక్కది.

భీమవరంలో నేను డిగ్రీలో చేరినప్పుడు హాస్టల్లో నా గది ఆవిడదే. నేను మొదటి ఏడాది మైక్రోబయాలజీ, ఆవిడ ఆఖరి ఏడాది లెక్కలు. సెల్‌ఫోన్లు ఇంకా ఆడపిల్లల చేతిదాకా రాని రోజులు. నరసాపురం అవతల, సముద్రం ఒడ్డున ఉన్న ఊరు ఆవిడది. నాన్న వేటకెళ్లేవాడు, అమ్మ చేపలమ్మేది. ఈ సంగతి ఎవరైనా గొంతు తగ్గించి అడిగితే ఆవిడ గొంతు పెంచి చెప్పేది. "మా అమ్మ చేపలమ్ముతుందండి. మీకు కావాలా?" అనేది. మాది వీరవాసరం దగ్గర, వరి మాని రొయ్యల చెరువులు తవ్విన కుటుంబం. మా ఇళ్లలో గడప దాటి హాస్టల్‌కి వచ్చిన మొదటి ఆడపిల్లని నేనే. ఎవరి కంటా పడకుండా, ఎవరి నోటా నానకుండా మూడేళ్లు గడిపేస్తే చాలనుకుని వచ్చాను. అలాంటి దాన్ని తీసుకెళ్లి రత్నం అక్క గదిలో పడేశారు.

ఆవిడ అన్నయ్య ఓడలో వంటవాడు. ఒకసారి సింగపూర్ నుంచి చెప్పుల పెట్టె నిండా రంగురంగుల కార్డులు తెచ్చాడు. ఎవరో సరుకుతో పాటు వదిలేసి పోయినవట. రాజులు, ఏనుగులు, రెక్కల గుర్రాలు, మంత్రాలు, అన్నిటి మీదా సన్న అక్షరాల ఇంగ్లీషు. డిక్షనరీ పట్టుకుని ఆ ఆటని విప్పింది అక్కే. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని చెరో దండు పరుచుకుంటారు, ఒకరి కోట ఒకరు కూల్చాలి. మేము దాన్ని కోటల ఆట అనేవాళ్లం. కార్డులు అందరం పంచుకున్నాం. తర్వాత వైజాగ్‌లో ఒక షాపులో ప్యాకెట్లు దొరుకుతున్నాయని తెలిసి, సెలవులకెళ్లిన అమ్మాయిలు తెచ్చుకునేవారు. ఎవరి దండు వాళ్లు కూర్చుకోవాలి గనక ఆదివారం మధ్యాహ్నాలు మా గదిలో మార్పిళ్లు జరిగేవి. నా ఏనుగు తీసుకుని నీ మంత్రం ఇయ్యి, అన్నట్టు.

ఎదుటివాళ్ల వీరుణ్ణి తీసి పారేసే కార్డులు రెండు రకాలు. ఒకదాన్ని వజ్రాయుధం అనేవాళ్లం. నీకు నచ్చినవాణ్ణి ఎంచుకుని కొట్టచ్చు, కానీ దానికి బోలెడంత శక్తి కూడబెట్టుకోవాలి. అప్పటికి ఆట సగం అయిపోతుంది. రెండోది గుడ్డి పిడుగు. ఆట మొదట్లోనే వేసెయ్యచ్చు. అయితే రెండు వైపులా ఉన్న వీరులందర్నీ బోర్లా తిప్పి, కలిపి, కళ్లు మూసుకుని ఒకటి తియ్యాలి. ఎవరొస్తే వాళ్లు పోయినట్టే. అది మనవాడే కావచ్చు. హాస్టల్లో దాన్ని ఉంచుకున్నవాళ్లు లేరు. నా దగ్గరున్న మూడూ ఇచ్చేసి అక్క దగ్గర ఒక వజ్రాయుధం తీసుకున్నాను. ఆవిణ్ణి బోల్తా కొట్టించానని లోపల్లోపల మురిసిపోయాను కూడా.

"నవ్వుతున్నావేంటే వాణీ?" అంది అక్క.

"చెత్త కార్డులు తీసుకుని మంచిదిచ్చావు కదా అని."

ఆవిడ మంచం మీద దుప్పటి సర్ది నా వైపు నలుగురు వీరుల్ని, తన వైపు ఒక్కణ్ణి పెట్టింది. "ఇప్పుడు నేను పిడుగు వేశాను. ఎవరికి తగులుతుంది?"

"నీవాడికే తగలచ్చుగా."

"తగలనీ. వాడొక్కడే నీ నలుగురికి ఎదురు నిలబడి ఉన్నాడు. వచ్చే విడతలో ఎలాగూ పోయేవాడే. పోయేవాణ్ణి పోగొట్టుకుంటే నాకు నష్టమేంటి? మిగతా నాలుగు వంతులూ పడేది నీ మీదే." తర్వాత కార్డులు అటూ ఇటూ మార్చింది. ఇప్పుడు నలుగురూ తన వైపు, ఒక్కడు నా వైపు. "ఇప్పుడు వేస్తే నా అంత పిచ్చిది లేదు. అదే కార్డు, అవే అక్షరాలు. మంచిదా చెడ్డదా అని కార్డునడిగితే ఏం చెప్తుంది? నీ వైపు ఎంతమంది ఉన్నారో, అది చూసుకో ముందు."

అది ఎక్కడ పనికిరాదో కూడా దాచకుండా చెప్పింది. ఎదుటి దండులో ఒక్క మహా ఏనుగు, ముగ్గురు బక్క సైనికులు ఉంటే పిడుగు పోయి సైనికుడి మీద పడే అవకాశమే ఎక్కువ. అప్పుడు చచ్చినట్టు వజ్రాయుధం కోసం కూర్చోవాల్సిందే. ఆవిడ ఆ కార్డుతో గెలిచిన ఆటలున్నాయి, చిత్తుగా ఓడిన ఆటలూ ఉన్నాయి. ఒకసారి కామర్స్ హేమతో ఆడుతూ పిడుగు వేస్తే తన ఆఖరి వీరుడే చేతిలోకొచ్చాడు. గదంతా గొల్లుమంది. అక్క కూడా నవ్వింది. "చూశావా, వెయ్యకుండా ఉండాల్సింది," అన్నాను. ఆవిడ నవ్వు ఆపేసింది. "ఎందుకుండాలి? వెయ్యకపోతే ఓటమి ఖాయం, వేస్తే సగం అవకాశం. మళ్లీ అక్కడే ఉంటే మళ్లీ అదే వేస్తాను. పడింది చూసి వెయ్యడం తప్పనకు," అంది. నాకది మొండితనంలా కనిపించింది. ఓడిపోయి కూడా తప్పు ఒప్పుకోని మనిషిని నేను అంతకు ముందు చూడలేదు.

దసరా సెలవుల తర్వాత మా వార్డెన్ మేడమ్‌కి ఎవరో చెప్పారు, రత్నం గదిలో పేకాట నడుస్తోందని. కార్డులు చేతులు మారడం చూసి పందెం అనుకున్నారేమో. మేము తరగతుల్లో ఉండగా మేడమ్ మా గది వెతికించి పెట్టెలన్నీ తీసుకుపోయారు. ఆదివారం టిఫిన్లయ్యాక మెస్ హాల్లో, హాస్టలందరి ముందూ నిలబడి, "పేకాట ఆడాం, తప్పయింది" అని ఆడినవాళ్లు ఒక్కొక్కరే చెప్పాలన్నారు. చెప్పనివాళ్ల ఇంటికి ఫోన్. ఆ ఫోన్ అంటే మాకు ఏమిటో ఇప్పటి పిల్లలకి చెప్పినా అర్థం కాదు. పేకాటన్న మాట చెవిన పడితే చాలు, చదువు మాన్పించడానికి సాకు కోసం చూస్తున్న మేనమామలు ఇంటింటికీ ఉండేవారు.

శనివారం సాయంత్రం అక్క బట్టలు మడతపెడుతూ అంది. "నేను చెప్పను. పేకాట ఆడలేదు, ఒక్క రూపాయి పెట్టలేదు. ఆడని ఆటకి తప్పయిందని ఎందుకనాలి?"

"అనేస్తే అయిపోతుంది కదక్కా. ఒక్క మాటేగా."

"నాకు ఒక్క మాట కాదే. ఈ మాట అంటే రేపు ఉద్యోగానికెళ్లినా వెనకాల వస్తుంది." మడత ఆపి నా వైపు చూసింది. "నువ్వు మాత్రం చెప్పేయ్. మొహమాటపడకు. నీ వైపు పోయేవి చాలా ఉన్నాయి. నా వైపు ఏం లేదు, ఈ ముక్క వెయ్యాల్సింది నేను."

ఆ మాట నన్ను బాధపెట్టింది. ఆవిడ నన్ను పిరికిదాన్నని అనలేదు. నా తరఫున లెక్క వేసిపెట్టింది, అంతే. కానీ ఆ లెక్క నేను మళ్లీ వేసుకున్నాను. నా వైపు ఏముంది? కాలేజీ ఉంది. ఎవరో ఒకరు ఒక ఫోన్ చేస్తే పోయే కాలేజీ. ఒక ఫోన్‌తో పోయేదాన్ని నాదనుకుని, దాని కోసం నోరు కట్టుకుని కూర్చున్నాను. ఈసారి తప్పయిందంటే నిలబడుతుంది. వచ్చేసారి ఇంకెవరో ఇంకేదో అంటారు, మళ్లీ తప్పయిందనాలి.

ఆదివారం హేమ ముందు చెప్పింది. ఏడుస్తూ చెప్పింది. మరో ఇద్దరు నేల చూస్తూ చెప్పారు. తర్వాత అక్క.

"మేము పేకాట ఆడలేదండి," అంది. హాలంతా వినబడింది. "ఆ కార్డులు మీ దగ్గరే ఉన్నాయి కదండి. బల్ల మీద పరవండి, ఎలా ఆడతారో చూపిస్తాను. చూశాక కూడా పేకాటే అంటే అప్పుడు చెప్తాను తప్పయిందని."

"నాకు నేర్పుతావా నువ్వు? ఇంటికి ఫోన్ చెయ్యమంటావా?"

"చెయ్యండి. మా ఇంట్లో ఫోన్ లేదు, పక్కింటి నంబరు నేనే ఇస్తాను. మా అమ్మ మార్కెట్ నుంచి పదింటికి వస్తుంది, అప్పుడు చెయ్యండి."

మేడమ్ మొహం ఎర్రబడింది. వేలితో నన్ను పిలిచారు. పక్కన నిలబడ్డప్పుడు అక్క చేయి నా చేతికి తగిలింది. మంచు ముక్కలా ఉంది. ఆ గొంతు విన్నవాళ్లెవరూ ఆ చేయి అలా ఉంటుందని నమ్మరు. ఈవిడకీ భయమే అని తెలిసిన ఆ క్షణంలో నాకెక్కడిదో ధైర్యం వచ్చింది. "నేనూ పేకాట ఆడలేదండి," అన్నాను. అక్క తల తిప్పి నన్ను చూసింది. ఆవిడ కళ్లలో మెచ్చుకోలు లేదు, కంగారుంది.

మధ్యాహ్నానికి నాన్నగారు స్కూటర్ మీద వచ్చారు. మేడమ్ గదిలో నిలబడే అడిగారు. "డబ్బు పెట్టి ఆడావామ్మా?"

"లేదండి నాన్నగారూ."

"మా అమ్మాయి ఆడలేదంటోందండి," అన్నారు ఆయన మేడమ్‌తో.

"అయితే మీ అమ్మాయిని మీ ఇంట్లోనే పెట్టుకోండి. ఎదురు మాట్లాడే పిల్లలకి ఇక్కడ చోటు లేదు."

ఆయన నన్ను స్కూటర్ ఎక్కించుకున్నారు. ఇంటికెళ్లాక అమ్మతో, "నలుగురిలో తలెత్తుకోకుండా చేసింది," అన్నారు. మావయ్యలు వచ్చి చదువు చాలన్నారు. రెండు రోజులు నేనూ అన్నం సరిగ్గా తినలేదు, ఆయనా తినలేదు. మూడో రోజు పొద్దున్నే స్కూటర్ తీసి, "ఎక్కు," అన్నారు. వీరవాసరం స్టేషన్లో సీజన్ టికెట్ కొని నా చేతిలో పెట్టి, "ఆడలేదని చెప్పావుగా. ఇంక మొహం దించుకుని తిరక్కు," అన్నారు. మా నాన్నగారు నాతో అంత పెద్ద మాట అంతకు ముందు ఎప్పుడూ అనలేదు.

నరసాపురం నుంచి వచ్చే పాసింజర్లో కిటికీ పక్కన రత్నం అక్క కూర్చుని ఉంది. ఆవిణ్ణీ హాస్టల్ నుంచి పంపించేశారు. నన్ను చూడగానే పక్కనున్న బుట్ట జరిపి చోటిచ్చింది.

"నీ విషయంలో లెక్క తప్పానే. నువ్వు నోరు విప్పుతావనుకోలేదు," అంది.

"మన మీదే పడింది కదక్కా చివరికి."

"పడింది. గది పోయింది, కార్డులు పోయాయి." వేళ్లు మడిచింది. "నువ్వున్నావు, నేనున్నాను, పరీక్షలున్నాయి. పుస్తకం తియ్యి."

ఆ ఏడాదంతా ఆ రైల్లోనే చదివాం. నాకు రాని స్టాటిస్టిక్స్ ఆవిడ చెప్పింది. పాత శుభలేఖలు కత్తిరించి కార్డులు కూడా చేసుకున్నాం. బొమ్మలు రావు గనక పేర్లు రాసేవాళ్లం. పెనుగొండ అమ్మవారి దగ్గరికి వెళ్లొస్తున్న ఒక పెద్దావిడ ఒకరోజు మా ఆట చూసి, "ఆడపిల్లలు పేకాటేంటమ్మా?" అంది. అక్క ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని భీమవరం వచ్చేలోపు ఆట నేర్పేసింది. దిగేటప్పుడు ఆవిడ, "ఆ ఏనుగుని ఇంకాస్త ఆగి వెయ్యాల్సిందమ్మా," అని నాకే సలహా ఇచ్చింది.

తప్పయిందని చెప్పినవాళ్లకి హాస్టల్లో గది మిగిలింది. కానీ చదువు అయ్యేదాకా వాళ్లని పేకాట బ్యాచ్ అనే పిలిచారు. మమ్మల్ని ఎవరూ అలా అనలేదు. అక్కకి మొదటిసారి డీఎస్సీలో ఉద్యోగం రాలేదు, రెండోసారి వచ్చింది. ఇప్పుడు సముద్రం పక్కన ఒక హైస్కూల్లో లెక్కల టీచరు. ఇది చదివితే, "ఇంత గొడవెందుకే," అంటుంది. గొడవే కావాలి నాకు. మేము పేకాట ఆడలేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ మాట అచ్చులో చూసుకోవాలనుంది.

ఎమ్మెస్సీ అయ్యాక నేను ఒక రొయ్య పిల్లల హేచరీ వాళ్ల ల్యాబ్‌లో చేరాను. ఒక వేసవిలో ఒక ట్యాంకులోని రొయ్య పిల్లకి వైరస్ తేలింది. మేనేజరు తలుపు వేసి, లేదని రాసెయ్యమన్నాడు. ఆ పిల్ల చెరువులో వదిలాక రైతు గతి ఏమవుతుందో చెరువు గట్టు మీద పెరిగిన నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు రాశాను. మర్నాడు నాకు ఆ ఉద్యోగం లేదు. చాలా నెలలు ఇంట్లో కూర్చున్నాను, ఏ హేచరీ పిలవలేదు. తర్వాత భీమవరంలో, ఉండి ఊరికెళ్లే రోడ్డు మీద ఒక గది తీసుకుని, వైరస్ పట్టే పాత మిషను ఒకటి పెట్టుకుని సొంతంగా రొయ్య పిల్లకి పరీక్షలు మొదలుపెట్టాను.

ఇప్పటికీ వస్తుంటారు. పెద్దమనుషులు, నాన్నగారి స్నేహితులు, ఒక్కోసారి చుట్టాలే. "పిల్ల బాగానే ఉందమ్మా, కాస్త చూసి రాయి," అంటారు. కూర్చోమంటాను. ఫ్లాస్కులోంచి టీ పోస్తాను. ఇన్నేళ్లయినా నా వేళ్లు చల్లబడతాయి. ఆ వేళ్లతోనే కప్పు వాళ్ల చేతికందించి, మొహంలోకి చూసి, "కుదరదండీ," అంటాను.