బుడగలు రాని ద్రవం

నాంపల్లి స్టేషన్ దగ్గర కిరాయి గది, అబిడ్స్‌లో ఒక పాత కాలేజీ లేబొరేటరీ. ఐదేళ్లు నా బతుకు ఆ రెంటి మధ్యే గడిచింది. నా పరిశోధన రంధ్రాలున్న ద్రవాల మీద. పంజరాల్లాంటి బోలు అణువులను ఒక ద్రావకంలో కరిగిస్తాం. ద్రావకం అణువులు పెద్దవి, పంజరంలోకి దూరలేవు. అందుకని లోపల ఖాళీ అలాగే ఉంటుంది. చిన్న వాయు అణువులు అందులోకి వెళ్లి కూర్చుంటాయి. తర్వాత నాలుగు చుక్కల క్లోరోఫాం వేస్తే, అది ఆ చోటు ఆక్రమించి వాయువును బయటికి నెట్టేస్తుంది. బుడగలు రావాలి.

నాకు రాలేదు. రెండేళ్లు రాలేదు.

"నీ పంజరాలు వాయువును గట్టిగా పట్టేసుకున్నాయమ్మా," అనేవారు మా గైడు. ఆ మాటే ఒక సెమినార్‌లోనూ చెప్పారు. నేను పక్కన నిలబడి తలూపాను. థీసిస్ మాటెత్తితే, "ముందు బుడగ చూపించు, సంతకం పెడతాను" అనేవారు.

ఒక మధ్యాహ్నం గాజుసామాను కడిగే అటెండరమ్మ నన్ను చూసి ఆగింది.

"ఏంది మేడం, గిట్ల కూసున్నరు?"

చెప్పాను. పంజరాల పొడిని క్లోరోఫాంతో కడుగుతానని కూడా చెప్పాను.

"కడిగినంక మంచిగ ఆరబెట్టిన్రా? సీసాలు జర తడిగ ఇస్తే నా మీద కోపం జేస్తరు గదా!"

నవ్వబోయి ఆగిపోయాను. పొడి పైకి ఆరినట్టే ఉండేది. లోపలి సంగతి ఎప్పుడూ చూడలేదు. పాత నమూనాను పరీక్షకు పంపాను. పంజరాల నిండా క్లోరోఫామే. అవి దేన్నీ పట్టేసుకోలేదు, వాయువు లోపలికి వెళ్లిందే లేదు.

ఆ పరీక్ష ఫలితం కాగితం సంచిలో పెట్టుకుని రెండు రోజులు తిరిగాను. చెప్పకుండా మళ్లీ చేస్తే ఎవరికి తెలుస్తుంది? మూడో రోజు గైడు బల్ల మీద పెట్టాను.

"మరి సెమినార్‌లో నేను చెప్పిందో?"

"తప్పే సార్."

ఆయన కాగితం మళ్లీ మొదటి నుంచి చదివారు. "ఇంకో ఏడాది పడుతుంది. తెలుసుగా?"

"తెలుసు సార్."

పొడిని వారాల తరబడి వేడిచేసి, పంపుతో గాలి లాగేసి, అంతా మొదటి నుంచి చేశాను. చివరికి ఒక ఉదయం క్లోరోఫాం చుక్కలు పడగానే ద్రవం సన్నగా పొంగింది.

"ఔ మేడం, వస్తున్నయ్! చూడున్రి!" అని అటెండరమ్మ నా భుజం కుదిపింది. నాకు మాత్రం కుర్చీలోంచి లేచే ఓపిక లేకపోయింది.