గొంతు తిమ్మిరెక్కే ముందు

తిరువళ్లూరులో మత్తు డాక్టరు మంజు, మెడకు సూది వేసేముందు సిరంజిని అరచేతిలో పట్టి వెచ్చబరుస్తుంది. గడ్డ అడ్డుపడిన గొంతును మెలకువలోనే తిమ్మిరెక్కించి గొట్టం దించడం ఆమె పని. స్వరపేటిక తీసేయాల్సిన రోగి అయితే ఇంటివాళ్లను లోపలికి పిలిపిస్తుంది. "మాట్లాడుకోండి, ఆపరేషన్ అయినాక మాట రాదు" అని గోడవైపు తిరుగుతుంది.

ఇవాళ వరదయ్య వంతు. పెళ్లైననాటినుంచీ భార్యను "ఏమే" అనడమే తప్ప పేరుపెట్టి పిలవని మనిషి, బొంగురు గొంతు కూడదీసుకుని "కృష్ణమ్మా" అన్నాడు. మంచం పక్కన నిలబడ్డ ఆమె గబుక్కున తలుపువైపు తిరిగింది.

"ఏ కృష్ణమ్మ? యాడొచ్చింది?"

"ఎవురూ రాలేదులేవే" అని వరదయ్య కళ్లు మూసుకున్నాడు.

సిరంజి వెచ్చబడి చాలాసేపైనా మంజు గోడవైపు నుంచి తిరగలేదు.