తక్లీఫ్ అన్న మాట తీసేశారు

తెలంగాణ రాష్ట్రం రావడానికి కొన్నేళ్ళ ముందు, ఒక ఎండాకాలంలో, నా మూడో సినిమాకు డబ్బింగ్ చెప్పించే పని నా నెత్తిన పడింది. చెప్పించాల్సింది నా పాత్రకే. రాసిందీ, తీసిందీ, నటించిందీ నేనే. ఇందులో గొప్పేమీ లేదు. పెద్ద నిర్మాత లేని సినిమాకు హీరోయిన్ దొరకదు కాబట్టి నన్ను నేనే పెట్టుకున్నాను.

అందులో నేను సికింద్రాబాద్ తిరుమలగిరిలో మిలిటరీ యూనిఫారాలు కుట్టే మనిషిని. మా అమ్మ జీవితమంతా చేసిన పని అదే. ఆమె మాటను ఉన్నదున్నట్టు తెరమీద వినిపించాలని నా పంతం. అందుకే నటిస్తున్నప్పుడే, ఆ చోటనే, శబ్దం కూడా పట్టాం. దీన్ని సింక్ సౌండ్ అంటారు. మోండా మార్కెట్ పక్క సందులో ఆటోల మోత ఆగేదాకా ఊపిరి బిగబట్టి నిలబడి చేసిన పని అది.

సినిమా కొన్న కంపెనీ నుంచి శేఖర్ గారనే మేనేజర్ వచ్చి చూశాడు. చాలా బాగుందన్నాడు. ఆ వెంటనే, "కానీ మేడం, ఈ యాస కామెడీకైతే ఓకే. ఏడుపు సీన్లో జనం నవ్వుతారు. పైగా మీది సగం ఉర్దూ," అన్నాడు. వాచ్‌మన్ పాత్రకు మాత్రం యాస అలాగే ఉంచమన్నాడు, అతను నవ్వించాలి కదా! నాకు ఒళ్ళు మండిపోయింది. ఒప్పందం ప్రకారం సాంకేతిక సవరణలు చేసుకునే హక్కు కంపెనీది. నా నోరు వాళ్ళకు సాంకేతిక లోపమట! మీరు దగ్గరుండి డబ్బింగ్ చెప్పించకపోతే ఆ పని ఇంకొకరికి అప్పజెప్తామన్నారు. పూర్తిగా పాడుచేయకుండా అయినా చూద్దామని వెళ్ళాను.

నా పాత్రకు గొంతివ్వడానికి విజయవాడ నుంచి సుభాషిణి గారొచ్చారు. పనిమంతురాలు, మర్యాదస్థురాలు. డబ్బింగులో అసలు చిక్కు పెదవుల దగ్గరే వస్తుంది. ప, బ, మ పలికితే పెదవులు కలవాలి. తెరమీద కలవని చోట ఆ అక్షరం వినిపిస్తే చూసేవాడికి ఇట్టే తెలిసిపోతుంది. భర్త చనిపోయిన రోజు, పరామర్శకు వచ్చినవాళ్ళతో నా పాత్ర, "నాకేం తక్లీఫ్ లేదు, జెర కూసోనియ్యుండ్రి," అంటుంది. దాన్ని "నాకేం ఇబ్బంది లేదు, కాసేపు కూర్చోనివ్వండి" అని మార్చారు. ఎన్నిసార్లు చెప్పినా 'ఇబ్బంది' నా నోటికి అతకలేదు.

"తక్లీఫ్ అనే ఉంచేద్దామండీ, బాగుంది కదా," అన్నారు సుభాషిణి గారు.

శేఖర్ ఒప్పుకోలేదు, జనానికి అర్థం కాదన్నాడు. సికింద్రాబాద్ స్టేషన్లో దిగిన ప్రతివాడికీ అర్థమయ్యే మాట అది. చివరికి ఎడిటర్‌ను పిలిచి, ఆ మాట దగ్గర నా ముఖం తీసేసి కుట్టుమిషన్ చూపించమన్నాడు. సినిమా మొత్తంలో నేను బాగా చేశాననుకున్న ఒకే ఒక్క షాటు అలా పోయింది.

విడుదలయ్యాక అమ్మను థియేటర్‌కు తీసుకెళ్ళాను. ఆట అయ్యాక ఇంటికి ఆటో ఎక్కాం.

"మంచిగ తీసినవ్ బిడ్డా," అంది అమ్మ. "గానీ నీ నోట్లెకెల్లి మాట్లాడింది గామె ఎవరు? మన మాట గంత నామోషీ అయిందా నీకు?"

"నేను గాదమ్మా, కంపెనోళ్ళు మార్పిచ్చిన్రు," అన్నాను.

"పేరైతే నీదే ఏసిన్రు గదా," అంది. మళ్ళీ ఆ సినిమా ఊసు ఎత్తలేదు. అమ్మ పోయేవరకు నేనూ ఎత్తలేకపోయాను.

ఆ తర్వాత ఇంకో రెండు తీసి మానుకున్నాను. ఈలోగా రాష్ట్రం వచ్చింది, యాసకు గిరాకీ వచ్చింది. మొన్నామధ్య శేఖర్ ఫోన్ చేశాడు. ముంబై నుంచి వచ్చిన కొత్త హీరోయిన్‌కు మన యాస నేర్పాలట. "పరేషాన్, తక్లీఫ్, గిసుంటియి జెర గట్టిగ పడాలె మేడం," అన్నాడు. ఇప్పుడు ఆయనకూ యాస వచ్చేసింది!

నేర్పుతాను, షూటింగులో అమ్మ మాటతీరుతో నేను పలికిన అసలు శబ్దం తిరిగివ్వమన్నాను. ఒప్పందం ప్రకారం అంతా వాళ్ళకే అప్పజెప్పాను, నా దగ్గర కాపీ లేదు. ఆఫీసు మారినప్పుడు ఆ పాత డిస్కులు పారేశామన్నాడు. ఇప్పుడు అవి ఎవరికి కావాలి మేడం అని కూడా అన్నాడు.

నేర్పడానికి నేను వెళ్ళలేదు. ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు చెప్పగలిగింది ఒక్కటే. బొమ్మను ఎవరికైనా అమ్ముకోండి, మీ గొంతు ఒక కాపీ ఇంట్లో పెట్టుకోండి. మా అమ్మ ఎలా మాట్లాడేదని ఎవరైనా అడిగితే, వినిపించడానికి నా దగ్గర ఏమీ లేదు.