ఊ కొట్టిన వేలు

కామేశ్వరమ్మ గారు యాభై ఎనిమిదేళ్ల వయసులో పిల్లల నవల రాయడం మొదలుపెట్టారు. అంతకు ముందు ఆవిడ రాసినవల్లా ఉత్తరాలూ, సరుకుల చీటీలూనే.

భర్త పోయాక, 2013లో, న్యూజిలాండ్‌కి, వెల్లింగ్టన్ జాన్సన్‌విల్‌లో కూతురు ఇంద్రజ దగ్గరికి వచ్చేశారు. మాది పక్కిల్లు. మనవరాలు వర్షితను స్కూల్ నుంచి తీసుకొస్తూ, ఆ ఎత్తు రోడ్డు పొడవునా కథ చెప్పేవారు. తండ్రిని వెతుక్కుంటూ పడవ మీద బయల్దేరిన పార్వతి అనే పిల్ల కథ. రెండేళ్లయినా ఆ పిల్ల ఒడ్డు చేరలేదు. వర్షిత ఊ కొట్టాలి, ఊ ఆగితే కథ ఆగిపోతుంది. అదీ వాళ్ల ఒప్పందం. గాలికి గొడుగులు తిరగబడుతున్నా ఆ ఊ మాత్రం ఆగేది కాదు.

2015లో ఆవిడకు గొంతు క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్‌తో ప్రాణం నిలిచింది, మాట పోయింది. నెల తిరక్కుండానే ఆవిడ నోటుబుక్కులు తెప్పించుకుని మిగతా కథ రాయడానికి కూర్చున్నారు. ఐదు పుస్తకాలు నిండాయి. వర్షితకు తెలుగు చదవడం రాదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది అందరికీ. "అర్థమవుతుందిగా, చాల్లే" అని పిల్లల్ని వదిలేస్తాం చూడండి, ఆ పాపం ఇలా తగులుతుంది.

ఇంద్రజకు ఉద్యోగంతో తీరిక దొరికేది కాదు, అందుకని శనివారాలు నేను చదివి వినిపించేదాన్ని. ఆవిడ ఎదురుగా కూర్చుని చేతులతో తెడ్డు వేసేవారు, కళ్లతోనే తుఫాను తెప్పించేవారు. పిల్ల నా వైపు చూసేదే కాదు. లోపల కాస్త కుళ్లుకునేదాన్ని కూడా.

నాలుగు పుస్తకాలయ్యాక నాకో గొప్ప ఆలోచన వచ్చింది. కాకినాడలో ఆరేళ్లు టీచరుగా చేసిన బుద్ధి ఎక్కడికి పోతుంది?

"ఆఖరిది వర్షితే చదవాలి ఆంటీ. అక్షరాలు నేను నేర్పిస్తా," అన్నాను.

ఆవిడ పలక మీద రాసి చూపించారు: "నువ్వే చదివెయ్యమ్మా. అంత టైం ఉందో లేదో."

"మీరు మరీనూ! తొందరేముంది?" అన్నాను.

పిల్లకు చదవడం వచ్చేసరికి ఎనిమిది నెలలు పట్టింది. ఈలోగా జబ్బు తిరగబెట్టి ఆవిడ మంచం పట్టారు.

ఒక మధ్యాహ్నం వర్షిత ఆ ఐదో పుస్తకం పట్టుకుని మంచం మీద అమ్మమ్మ పక్కన కూర్చుంది. "నువ్వు ఊ కొట్టాలి అమ్మమ్మా, ఓకే? రూల్ ఈజ్ రూల్," అంది. ఆవిడ నవ్వి, పిల్ల మోకాలి మీద వేలితో ఒకసారి తట్టారు. అదే ఊ.

అక్షరాల కింద వేలు పెట్టుకుని, కూడబలుక్కుంటూ వర్షిత ఒక వాక్యం చదివేది. ఆవిడ ఒకసారి తట్టేవారు. పేజీకి పది నిమిషాలు. పార్వతికి దూరంగా ఒడ్డు కనిపించింది. నా శిష్యురాలు కదా అని నేను గుమ్మంలో నిలబడి మురిసిపోతున్నాను, నా మొహం మండ.

వేలు ఆగింది. వర్షిత చదవడం ఆపేసింది. కాసేపు చూసి పుస్తకం మూసింది.

"ఆంటీ, అమ్మమ్మ పడుకుంది. రేపు చదువుతా."

నేను వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకుని చూశాను.

ఇంకా నాలుగు పేజీలు మిగిలాయి. నేనే చదివి ఉంటే ఒక్క శనివారంలో అయిపోయేది, ఇద్దరూ కలిసి ముగింపు చూసేవారు. ఇంద్రజ నన్ను ఒక్క మాటా అనలేదు. అన్నా బాగుండేది.

ఇప్పుడు 2019. వర్షితకు పన్నెండేళ్లు, తెలుగు గడగడా చదివేస్తుంది. ఆ నాలుగు పేజీలూ చదివావా అని మొన్న అడిగాను.

"లేదాంటీ," అంది. "అమ్మమ్మ ఊ కొట్టలేదు కదా."