శీలావతులు పెద్దాడివి, బొచ్చెలు చిన్నాడివి

ఏలూరు చేపల మార్కెట్టు పక్కనుంచి ఆటో వెళ్తుంటే, ఎండకి మాగిన చేపల కంపు గుప్పున కొడుతుంది. జనమంతా ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం మా తాతయ్య వీలునామా గుర్తొస్తుంది. రాయని వీలునామా.

కొల్లేరు ఒడ్డున తాతయ్యకో చేపల చెరువుండేది. నా చిన్నప్పటి కళ్లకి అది బంగాళాఖాతానికి అన్నగారు. వేసవిలో వల లాగే రోజున జిల్లాలోని కొంగలన్నీ పెళ్లికి పిలిచినట్టు దిగేవి. దూడంతేసి శీలావతులు, గంగాళంలో తల పడితే తోక పట్టని బొచ్చెలు, గట్టు మీది పెంకుటింట్లో మా అత్తయ్య మామిడికాయ వేసి మట్టిదాకలో కాచే పులుసు, ఆ వాసనకి తాడేపల్లిగూడెంలో రైలు ఆగిపోయేదని నేటికీ నా నమ్మకం. అత్తయ్య పెదనాన్నకి చెల్లెలు, నాన్నకి అక్క. మొగుడు పోయి పుట్టింటికొచ్చి, తాతయ్యకి నీళ్లు తోడటం నుంచి చుట్ట అందించడం దాకా తనే చూసేది.

ఒకసారి తాతయ్య స్నేహితుడు, ఏలూరు ప్లీడరు గారు, ఆ పులుసు జుర్రుకుంటూ అన్నారు.

“ఏవండీ, ముగ్గురు పిల్లలు. ఎవరికేదో రాయించి రిజిస్టరు చేయించెయ్యండి. నేను చూసుకుంటాను కదా.”

తాతయ్యకి పొలమారింది. “వీలునామా రాయడమంటే యముడికి బస్సు టిక్కెట్టు కొనిపెట్టడమేనండీ! నా నోటిమాటే శాసనం. ఇల్లు అమ్మాయిది. శీలావతులు పెద్దాడివి, బొచ్చెలు చిన్నాడివి. అయిపోయింది. ఇంకో ముక్క వేసుకోండి.”

“మరి నీళ్లెవరివండీ?” అన్నారు ప్లీడరు గారు.

అందరం పడీపడీ నవ్వాం, అత్తయ్య తప్ప.

ఆ వానాకాలమే తాతయ్య పోయాడు. తర్వాత వల లాగితే చేపలు వేరువేరుగా వస్తాయా? పెదనాన్నా, మా నాన్నా బురదలో మోకాళ్ల మీద కూలబడి, ఒకే చేప తల ఒకరూ తోక ఒకరూ పట్టుకు గుంజుకున్నారు. అంతటితో ఆగారా! ఇల్లు చెరువుగట్టు మీదుంది కాబట్టి చెరువుతో పాటు తమదేనన్నారు. ఆ ఒక్క మాట మీద మాత్రం ఇద్దరికీ పొత్తు కుదిరింది.

“నాన్న నాకిచ్చాడు కదరా!” అంది అత్తయ్య.

“కాగితమేదమ్మాయ్?” అన్నాడు పెదనాన్న, ఆవిడ వండిన పులుసు తిన్న చెయ్యి కడుక్కుంటూ.

అత్తయ్య ప్లీడరు గారి దగ్గరికి పరిగెత్తింది. “నేను విన్నానమ్మా. కాని కోర్టుకి నా చెవులు చాలవు. ఆరోజు ఒక్క సంతకం పెట్టించుంటే!” అని ఆయన తల పట్టుకున్నారు.

చెరువు మీద అన్నదమ్ముల మధ్య దావా పడింది. చేపలు పట్టకూడదని కోర్టు ఆపింది. ఆ ఎండాకాలం నీరు ఇంకిపోయి, శీలావతులూ బొచ్చెలూ ఏ తగువూ లేకుండా కలిసి వెల్లకిలా తేలాయి. ఆ కంపు ఉండి ఊరి దాకా కొట్టిందంటారు. జంగారెడ్డిగూడెం దాకా అని నేనంటాను. ఆ కంపులోనే అత్తయ్య మట్టిదాక చంకనెత్తుకుని గట్టు దిగింది.

ఇప్పుడావిడ తాడేపల్లిగూడెంలో అద్దె గదిలో ఉంటుంది. చేపలు మానేసింది. మొన్న వెళ్లి, ప్లీడరు చేత నా వీలునామా రాయించానని చెప్పాను.

“చేపలు పంచలేదు కదరా?” అంది.

తిరిగొస్తూ చెరువు చూశాను. దావా ఇంకా నడుస్తోంది. ఇల్లు కూలింది, చెరువంతా గుర్రపుడెక్క నిండింది. తాతయ్య ఎవరికీ పంచని మట్టగిడసలు మాత్రం ఆ బురదలో సుఖంగా ఉన్నాయి.