టైలరమ్మ చేపలకు పైపు వేసిన రోజు

ఆ ఆదివారం టైలరమ్మకు కాలు ఒకచోట నిలవలేదు. సాయంత్రం చేపల షాపతను వచ్చేలోగా వెనక వసారాలో ఉన్న నీలం డ్రమ్ములోంచి ముందు గదిలోని తొట్లలోకి నీళ్లు వాటంతట అవే రావాలి. రాకపోతే ఆ అద్దాల తొట్లూ, వాటిలో చేపలూ అతని బండెక్కి వెళ్లిపోతాయి. వచ్చి తీసుకెళ్లమని ఫోన్ చేసి మరీ చెప్పింది ఇంకెవరో కాదు, ఆవిడే.

అలా చెప్పించింది భుజం. పగలంతా మిషన్ ముందు కూర్చుని బట్టలు కుట్టే మనిషి, పనయ్యాక బకెట్లు మోసేది. చేపలకు కుళాయి నీళ్లు తిన్నగా పోయకూడదు. అందులో కలిపిన క్లోరిన్ మందు ఘాటు పోయేదాకా ఓ రోజు నిలవ ఉంచాలి. అందుకని ఆ ఇంట్లో ఎటు తిరిగినా బకెట్లే. స్నానాల గదిలో బకెట్లు, మంచం కింద బకెట్లు. చుట్టాలొస్తే కాలు ఎక్కడ పెట్టాలో అడిగి మరీ పెట్టేవాళ్లు. మోసి మోసి చివరికి కుడి భుజం పట్టేసింది. చెయ్యి నడుము దాటి పైకి లేవడం మానేసింది. బరువులు ఎత్తితే ఇక కుట్టుపని కూడా మర్చిపోవాల్సిందేనన్నాడు డాక్టరు.

భర్త బేకరీ వ్యాను నడుపుతాడు. మంచివాడే. ఓ రోజు సాయం చేయబోయి కుళాయి కింద బకెట్ పెట్టి, అలాగే తెచ్చి తొట్టిలో గుమ్మరించాడు. చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచాయి. వాటిని బతికించుకోవడానికి ఆవిడ పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. ఆ నొప్పిలో, ఆ దిగుల్లో షాపతనికి ఫోన్ చేసి, "ఆదివారం సాయంత్రం వచ్చి తీసుకెళ్లిపో తమ్ముడూ. మాటంటే మాటే" అనేసింది. ఫోన్ పెట్టేసి ఏడ్చింది.

ఏడ్చిన మర్నాడు పాత కూలర్ దుమ్ము దులుపుతుంటే ఆవిడ చెయ్యి ఆగిపోయింది. అడుగున గుప్పెడంత మోటారు. అడుగు నీళ్లను పైకెక్కించడమేగా దీని పని. కూలర్ నెత్తికి ఎక్కించేది తొట్టి నెత్తికి ఎందుకు ఎక్కించదు? పరుగున వెళ్లి నిద్రపోతున్న భర్తను కుదిపింది.

"ఏమండీ, లేవండి. బకెట్లు అక్కర్లేదు."

"అన్నీ ఇచ్చేస్తున్నాంగా, ఇంకేం బకెట్లు?" అన్నాడాయన కళ్లు తెరవకుండానే.

"చేపలు ఇవ్వడం లేదు. బకెట్లే ఇచ్చేస్తున్నాం. లేచి నాకో డ్రమ్ము తెచ్చిపెట్టండి."

బేకరీకి పంచదార పాకం వచ్చే డ్రమ్ము ఒకటి ఖాళీగా ఉంటే తెచ్చాడు. తీపి వాసన పోయేదాకా కడిగి, కూలర్ మోటారును అడుగున పెట్టి, శనివారం నీళ్లు నింపి పెట్టారు. పైపు కొలతలు టైలరమ్మ తన టేపుతోనే తీసింది. గోడ పొడవునా క్లిప్పులు గుండీలు కుట్టినంత లెక్కగా పడ్డాయి. భర్త స్విచ్చు బిగించాడు, పైన కాదు, సరిగ్గా నడుమెత్తులో. ఆవిడ అడగలేదు, ఆయనా చెప్పలేదు. చూడగానే మాత్రం ఆవిడ కుడిచెయ్యి దానికి అందుతుందో లేదో ఓసారి పెట్టి చూసుకుంది.

ఈ హడావుడంతా అత్తగారు ముందు గదిలో తన కుర్చీలోంచి చూస్తూనే ఉంది. పొద్దస్తమానం ఆ తొట్ల ఎదురుగానే కూర్చుంటుంది, పొద్దస్తమానం వాటిని తిడుతూనే ఉంటుంది. "కూరకు పనికిరావు, కాపలాకు పనికిరావు. వీటికి మళ్లీ పైపులొకటి."

ఇక టైలరమ్మ చేసిన పొరపాటు గురించి చెప్పాలి. దర్జీ పని చేసే మనిషి తప్ప ఇంకెవరూ ఆ పొరపాటు చేయరు. బట్ట అంచు కనపడితే ఆవిడకు అన్నం సహించదు, లోపలికి మడిచి కుట్టాల్సిందే. పైపు కొసనూ అలాగే చేసింది. పెద్ద తొట్టిలో మొక్కల వెనకగా, నీళ్ల అడుగుదాకా దించి, కనపడకుండా దాచేసింది. చప్పుడుండదు, చూపుకీ బాగుంటుందని మురిసిపోయింది.

స్విచ్చు వేసింది. పైపు ఒక్కసారి ఒళ్లు విరుచుకుంది. తొట్టిలో మొక్కలు కదిలాయి, నీళ్ల మట్టం అంచు వైపు పాకింది.

"వస్తున్నాయండీ. చూడండి, వచ్చేస్తున్నాయి."

ఆయన కూడా చిన్నపిల్లాడిలా పైపుకు చెవి ఆనించి విన్నాడు. తొట్టి నిండగానే స్విచ్చు ఆపి, ఇద్దరూ వంటింట్లోకి వెళ్లి టీ పెట్టుకున్నారు. టీ మరగకముందే ఆవిడ నోట మరో రెండు తొట్లు, ఎర్రతోక చేపలు, ఇంకో డ్రమ్ము అయిపోయాయి. ఆలూ లేదు చూలూ లేదన్నట్టు.

"అమ్మాయ్," అని అత్తగారి గొంతు.

"టీ తెస్తున్నానత్తయ్యా."

"టీ సంగతి తర్వాత. నీ తెల్లది అడ్డంగా పడుకుంటోంది."

టైలరమ్మ పరుగున వచ్చింది. పెద్ద తొట్టిలో సగం నీళ్లు లేవు. తెల్ల ఏంజెల్ చేప వీపు బయటపెట్టి పక్కకు ఒరుగుతోంది. కింద చూస్తే నేల పొడిగా ఉంది. మరి నీళ్లేవి?

"డ్రమ్ము పొంగిపోతోందే," అని వసారాలోకి పరుగెత్తిన భర్త కేక.

ఆవిడ ఎడంచేత్తో పైపు కొసను పైకి లాగేసింది. గుడగుడమని గాలి మింగి పైపు ఊరుకుంది. అప్పుడు వెలిగింది ఆవిడకు. కొస మునిగి ఉంది, డ్రమ్ము తొట్టి కంటే కిందుంది. మోటారు ఆగగానే వచ్చిన నీళ్లు వచ్చిన దారినే వెనక్కి పోయాయి, పోతూ పోతూ తొట్టిలో నీళ్లనూ లాక్కుపోయాయి.

"పైపు లోపలికి గాలి వెళ్లాలండీ. దబ్బనం తెండి."

దబ్బనం మొనను స్టవ్ మంట మీద ఎర్రగా కాల్చి, పైపు నీళ్లలో మునిగే చోటుకు కాస్త పైన చిన్న చిల్లు పెట్టింది. బట్టకు చిల్లు పడితే ప్రాణం పోయినట్టు చూసే మనిషి, ఆ చిల్లును బిడ్డను చూసినట్టు చూసుకుంది. మళ్లీ తొట్టి నింపి, గుడ్డ మీద గీసే సుద్దతో అద్దం మీద గీత పెట్టి, స్విచ్చు ఆపింది. చిల్లులోంచి గాలి సన్నగా ఈల వేసింది. ముగ్గురూ ఊపిరి బిగబట్టి చూశారు. నీళ్లు గీత దిగలేదు. తెల్లది తోక ఆడించి మొక్కల్లోకి వెళ్లిపోయింది.

ఆ సంబరం ఇంకా ఇల్లు దాటకముందే షాపతను గుమ్మంలోకొచ్చాడు, చేతిలో థర్మోకోల్ పెట్టెలతో.

"రెడీనా అక్కా? బండి బయట పెట్టాను."

వద్దని ముందే ఫోన్ చేద్దామంటే ఇచ్చిన మాట అడ్డొచ్చింది, ఇప్పుడు టైలరమ్మ ముఖం వాడిపోయింది. ఇస్తానన్న రోజుకు బట్ట ఇవ్వకుండా ఒక్కరినీ తిప్పి పంపని మనిషి. మాట తప్పడం తెలీదు, తప్పకుండా ఎలా బతకాలో ఇప్పుడు తెలీడం లేదు.

"మాటిచ్చాను కదా తమ్ముడూ..." అంది. అంటూనే తొట్టికి అడ్డంగా వెళ్లి నిలబడింది.

"ఆ మాటిచ్చింది దాని భుజం, నాయనా. అది కాదు," అంది అత్తగారు కుర్చీలోంచి లేవకుండానే. "భుజంతో ఇప్పుడు మాకు పనిలేదు. ఒరే, స్విచ్చు వెయ్యరా, చూపిద్దాం."

కొడుకు స్విచ్చు వేశాడు. నీళ్లు పరుగున వచ్చాయి. షాపతను పైపు వెంట వసారా దాకా వెళ్లి, డ్రమ్ములోకి తొంగిచూసి, నవ్వుతూ తిరిగొచ్చాడు.

"ఇంకేం తీసుకెళ్తానక్కా. ఖాళీ పెట్టెలు మోసుకెళ్తాలే."

టైలరమ్మ కళ్లు తుడుచుకుంటూ అతనికి కుర్చీ వేసింది. అత్తగారు మాత్రం అతన్ని ఇంకా వదల్లేదు.

"ఈసారి వచ్చేటప్పుడు ఓ నల్ల చేప పట్టుకురా. మా నల్లదాని జోడు పోయినప్పట్నుంచి అది సరిగ్గా తినడం లేదు."

చేప పోయిన సంగతి టైలరమ్మకు తెలుసు. మిగిలింది తినడం లేదన్న సంగతే తెలీదు.