అల్లుడుగారు వేలి చాటుకు వెళ్ళిన సాయంత్రం

పెన్సిల్ చెక్కినప్పుడు వచ్చే చెక్క వాసన మా ఆఫీసులో ఉండదు. యంత్రాల బొమ్మలన్నీ కంప్యూటర్ తెరమీదే గీస్తాం. మొన్న ఎవరో పాత పెన్సిలొకటి బ్లేడుతో చెక్కితే, విశాఖలో సముద్రంవైపు పల్లంగా దిగిపోయే మా వీధి, మా అరుగు, అరుగుమీద పిన్ని ఒక్కసారిగా కళ్ళముందుకొచ్చాయి.

తొంభైల్లో, నా చిన్నప్పుడు, అమ్మ చెల్లెలు పద్మనాభం అనే ఊరి నుంచి వచ్చి మా ఇంట్లో ఉంటూ డ్రాయింగ్ పరీక్షకు తయారయ్యేది. పాసైతే బడిలో టీచరు కావచ్చు. కానీ కూతుర్ని అల్లుడి ఇంట్లో ఉంచడం తాతయ్యకు మొహమాటం. ఏ చిన్న మాట వచ్చినా ఊరికి తీసుకుపోతానని ముందే చెప్పాడు.

పిన్ని నాకు మనిషి బొమ్మను వంటింటి సామాను ఆకారాలతో కట్టడం నేర్పింది: తలకు కోడిగుడ్డు, మెడకు గ్లాసు, ఛాతీకి అగ్గిపెట్టె, నడుముకు బోర్లించిన గిన్నె, కాళ్ళకూ చేతులకూ పొట్లకాయలు, మోకాళ్ళకు నిమ్మకాయలు. అన్నం వడ్డిస్తున్న అమ్మలో గుడ్డూ గ్లాసూ కనబడి నాకు ముద్ద దిగలేదు. అంతకన్నా పెద్ద దెబ్బ వీధిలో తగిలింది. పల్లంలో ఉన్న ఇళ్ళ కప్పులపైన ఓడ నిలబడి ఉంది.

"ఏటి పిన్నీ, ఓడ మేడెక్కిసింది?"

"ఓడెక్కలేదురా, నీ కన్ను ఎక్కింది. కూకో."

కూర్చున్నాను. ఓడ కప్పుల వెనక్కి దిగిపోయింది. లేచాను, అదీ లేచింది. అంత సముద్రం నా కళ్ళ ఎత్తుకు కట్టుబడి ఉందా అని మళ్ళీ కూర్చుని, మళ్ళీ లేచి చూసుకున్నాను.

ఆ వేసవిలో తాతయ్య తాటిముంజెలు, పనసకాయ మోసుకొచ్చి, అరుగుమీద కాలు చాచి కూర్చున్నాడు. పిన్ని ఎదురుగా కూర్చుని బొమ్మ వేసింది. ముందు తాతయ్య, వెనక వీధి చివర, రోజూ డ్యూటీ నుంచి వచ్చినట్టే ఊహించి వేసిన నాన్న. కాగితం అందుకున్న తాతయ్య ముఖం పాలిపోయింది. చాచిన తన పాదం పక్కనే, ఆ పాదమంత కూడా లేకుండా, నాన్న.

"అల్లుడుగార్ని నా కాలికాడ ఎట్టీసినావేటే?"

"దూరంగా ఉన్నోరు సిన్నగానే అగుపిస్తారు నాన్నా."

"అగుపిస్తే? దూరమైనా అల్లుడు అల్లుడే. పరీచ్చా వద్దు, ఏటీ వద్దు. బట్టలు సర్దు."

పిన్ని కళ్ళ నిండా నీళ్ళు. నేను తాతయ్య చెయ్యి పట్టి వీధిలోకి లాగాను. "తాతా, ఓపాలి సూడు" అని, పిన్ని బొమ్మకు కొలత తీసేటప్పుడు చేసినట్టే, ఆయన ఒక కన్ను మూయించి, వీధి చివరివైపు బొటనవేలు చాపించాను. అప్పుడే నాన్న టిఫిన్ క్యారియర్‌తో వీధి చివర మలుపు తిరిగాడు. తాతయ్య వేలు పక్కకు జరిపాడు, మళ్ళీ అడ్డం పెట్టాడు.

"అమ్మ బాబోయ్. అల్లుడుగారు నా ఏలి సాటుకెళిపోనారు."

నాన్న ఎత్తు ఎక్కుతూ వేలంత, చెయ్యంత, మనిషంత అయ్యాడు. తాతయ్య తప్పు చేసినవాడిలా చెయ్యి దించి, కండువా సర్దుకున్నాడు.

"పరీచ్చ రాయే," అన్నాడు పిన్నితో, గొంతు తగ్గించి. "ఆ బొమ్మ మాత్రం ఆయనకి సూపించకు."

పిన్ని పాసై గోపాలపట్నంలో టీచరయింది. తాతయ్య, నాన్న ఇప్పుడు లేరు. ఈమధ్య ఆ వీధికి వెళ్ళాను. పల్లంలో అపార్ట్‌మెంట్లు లేచాయి. కూర్చున్నాను, లేచాను, ఏ ఓడా మేడెక్కలేదు. ఒక కన్ను మూసి బొటనవేలు చాచాను. ఎదురుగా గోడ. అది వేలి చాటుకు పట్టలేదు.